డబ్బా చప్పుడు

ఒక్క అంకె చాలు, అన్నాడు డైరెక్టర్ అబ్రాంతెస్.
పెట్టిన యూరోకి ఎంత తిరిగొచ్చిందో,
తరగతి గదా, తెరా, ఏది గిట్టుబాటో
శుక్రవారం బోర్డుకి చెప్పాలి.

మాటోసిన్యోస్ రేవు. సార్డీన్ చేపల కార్ఖానా.
ఆ వాసన నా కోటుకి మూడో రోజుకే అలవాటైంది.
నాకింకా కాలేదు.

ఎడమ గడిలో తరగతి:
ఇరవై నలుగురు, రెండు రోజులు, ఆగిన లైను,
హాలు అద్దె, కాఫీ, రొట్టెలు,
గ్రసియెత్ గారి పారితోషికం.
తొమ్మిదివేల ఆరువందలు.
కుడి గడిలో ఆన్‌లైన్:
ఇంకో ఇరవై నలుగురు, పద్నాలుగు వీడియోలు,
మనిషికో పాస్‌వర్డు. మూడువేలు.

(అగ్నిప్రమాదాల కోర్సొకటి నేనూ ఇలాగే పూర్తిచేశాను,
పక్కన టీవీ చూస్తూ. నూటికి నూరు.)

మునుపు పదివేల డబ్బాలకి పద్నాలుగు కారేవి.
గదిలో నేర్చుకున్నవాళ్ళ చేతుల్లో ఆరు.
తెర మీద నేర్చుకున్నవాళ్ళ చేతుల్లో ఎనిమిది.
తగ్గిన ప్రతి డబ్బాకీ ఖరీదు కట్టాను.
గదికి ముప్పై ఏడున్నర శాతం,
తెరకి రెండువందల ముప్పై.
కూడికలు రెండుసార్లు సరిచూసి
పెన్నుకి మూత పెట్టేదాన్నే,

లాగిన్ల చిట్టాలో బెల్మీరా పేరు అడ్డం పడకపోతే.
అంచు మడత వీడియో, నలభై సెకన్లది,
తెల్లవారుజామున మూడింటికి, పదకొండు సార్లు.
అదే మూడింటికి బెల్మీరా
రాత్రి షిఫ్టులో, యంత్రం దగ్గర మూతలు పేరుస్తోంది.
హాజరు పట్టీ అబద్ధమాడదు. చిట్టా అంతకన్నా ఆడదు.

పిలిపించాను. వెంట ఇంకొకామె వచ్చింది,
జులైకా, కేప్ వెర్డ్ దీవుల మనిషి,
గది జట్టులో తొమ్మిదో పేరు.
"నేనే చూశాను" అంది, ఎవరూ అడగకముందే.

గ్రసియెత్ గారు కొయ్యపుల్లతో మూత మీద కొట్టి
"వినండి, ఇది గట్టిది.
వినండి, ఇది గాలి పీల్చింది" అన్నప్పుడు
ఇరవై ముగ్గురు తలూపారు.
జులైకా కూడా ఊపింది.
పంతొమ్మిదేళ్ళు మూతల యంత్రం పక్కన నిలబడ్డ చెవులు,
వాటికి రెండు డబ్బాలూ ఒకటే.
"ఒకసారి అడగొచ్చు. సిగ్గు విడిచి రెండోసారీ అడగొచ్చు.
పదకొండోసారి మనుషుల్ని అడగలేం కదమ్మా."

అందుకని పాస్‌వర్డు అరువు.
వంటగది బల్ల, పక్కగదిలో పిల్లల నిద్ర,
వీడియో ఆపి, మళ్ళీ పెట్టి, ఆపి,
బొటనవేలి గోటితో
ఖాళీ డబ్బా అంచు చుట్టూ తిరిగింది
ముడత ఎక్కడ తగులుతుందో తెలిసేదాకా.

మరి అరువుకి బదులేమిచ్చావన్నాను.
బెల్మీరా నవ్వింది.
"బస్సులో నాకు తట్టడం నేర్పింది."
చెవులు సరిగా వినని మనిషా?
జులైకా నా బల్ల మీది శాంపిల్ డబ్బా తీసి
దవడ ఎముకకి ఆనించి
వేలితో ఒక్క దెబ్బ కొట్టింది.
"ఇక్కడ వినిపిస్తుంది" అంది.

అది గ్రసియెత్ గారు చెప్పింది కాదు.
పద్నాలుగు వీడియోల్లో ఎక్కడా లేదు.
ఏ ఖాతాలో రాయను ఆ దవడ ఎముకని?
ఆ ఆరు ఎవరివి ఇప్పుడు? ఆ ఎనిమిది ఎవరివి?
నేను గీత గీసి చెరో కుండలో పోసిన నీళ్ళు
పొద్దున్నే ఓ సిటీబస్సు కుదుపుకి
ఎప్పుడో కలిసిపోయాయి.

శుక్రవారం ఒక్క అంకే ఇచ్చాను. రెండువందల ముప్పై.
కింద చిన్న అక్షరాల్లో
"రెండు జట్లూ ఒకే బస్సెక్కాయి" అని రాశాను.
పొరపాటున పడిందనుకుని అబ్రాంతెస్ కొట్టేశాడు.

ఆ రాత్రి ఇంట్లో, సార్డీన్ డబ్బా తెరవబోతూ
చెంచాతో మూత మీద కొట్టాను.
గట్టిదో, గాలి పీల్చిందో.
దవడకి ఆనించి మళ్ళీ కొట్టాను.
చల్లగా తగిలింది, అంతే.
కాల్చిన బ్రెడ్డు చల్లారిపోతోంది.
ఇంకోసారి కొట్టాను.